జట్కా మిషన్ టిక్కుమంటోంది, షాక్ మాత్రం లేదు: రిపేరు సంగతి, ట్రాన్స్‌ఫార్మర్ వేట

సబ్బవరం దగ్గర మా మావయ్యకి మూడెకరాల మామిడితోట, దాన్ని ఆనుకుని ఎకరం మొక్కజొన్న ఉన్నాయి. పందులు రాకుండా చుట్టూ తీగ కంచె కట్టి, దానికి షాక్ కొట్టించే జట్కా మిషన్ (ఫెన్సింగ్ మిషన్) పెట్టాడు. పోయినేడు కంకి పాలు పోసుకునే వేళకి ఒక రాత్రి ఫోన్ చేశాడు. "ఏట్రా, మిషన్ టిక్కు టిక్కుమంటనే ఉంది, పందులు మాత్రం పెళ్ళివారిలా వచ్చి తినేసి పోతన్నాయి." మర్నాడు బండేసుకుని వెళ్ళి చూస్తే నిజమే, మిషన్ గడియారంలా కొడుతోంది, కంచె తీగలో మాత్రం ప్రాణం లేదు. దాన్ని బాగుచెయ్యడానికి నాకు మూడు వారాలు పట్టింది, అందులో రెండు వారాలకి పైగా సరైన ట్రాన్స్‌ఫార్మర్ కోసం వైజాగంతా తిరగడానికే పోయింది. మీకు ఆ తిరుగుడు తగ్గుతుందని ఇది రాస్తున్నాను. టంకం పెట్టడం, మల్టీమీటరు వాడటం వచ్చినవాళ్ళ కోసం రాస్తున్నా, ఆ రెండూ రానివాళ్ళు మొదటి భాగం చదివి మిగతాది మెకానిక్కి వదిలెయ్యండి.

ముందే ఒక మాట. నేను చెప్పేది బ్యాటరీ మీదో సోలార్ మీదో నడిచే అసలైన ఫెన్సింగ్ మిషన్ గురించి. స్తంభం మీద కొక్కెం వేసి 230 వోల్టుల లైను నేరుగా కంచెకి కలిపేవాళ్ళు ఇది చదవక్కర్లేదు. వాళ్ళకి విద్యుత్ చట్టం 2003లో కరెంటు దొంగతనానికి సెక్షన్ 135 ఉంది, మనిషి పోతే ఆ కేసు వేరు. రెండింటికీ తేడా ఏంటని చాలామంది అడుగుతారు, రెండూ షాకే కదా అని. మిషన్ కొట్టే దెబ్బ సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, మళ్ళీ కనీసం ఒక సెకను ఆగాకే రెండో దెబ్బ పడుతుంది, ఆ సందులో పట్టుకున్న చెయ్యి వదులుకుని వెనక్కి వచ్చేస్తుంది. ఐఈసీ 60335-2-76 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 500 ఓమ్ లోడు (పరీక్షకి అవుట్‌పుట్‌కి కట్టే రెసిస్టెన్స్) మీద ఒక్కో దెబ్బ శక్తి 5 జూల్స్ దాటకూడదు. లైను కరెంటుకి ఆ సందు లేదు, కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోతాడు.

లోపల ఏం జరుగుతుందో కాస్త తెలిస్తే వెతకడం తేలిక. 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఒక చిన్న ఇన్వర్టర్ సర్క్యూట్ 400 వోల్టులో, కొన్ని మిషన్లలో 600 వోల్టులో తయారుచేసి, విద్యుత్తుని నిల్వ ఉంచే కెపాసిటర్‌లో నింపుతుంది. సెకనుకి కాస్త పైగా గడిచాక టైమర్ ఒక ఎస్‌సీఆర్‌ని (సైగ చేస్తే కరెంటు వదిలే ఎలక్ట్రానిక్ స్విచ్చి) తెరుస్తుంది, కెపాసిటర్‌లో ఉన్నదంతా ఒక్క ఊపున పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలోకి (తక్కువ చుట్ల తీగ) దూకుతుంది, సెకండరీ (ఎక్కువ చుట్ల తీగ) నుంచి 8 వేల వోల్టుల దాకా బయటికొస్తుంది. మనకి వినిపించే టిక్కు చాలా మిషన్లలో ఆ ట్రాన్స్‌ఫార్మర్ అదిరే చప్పుడే. అంటే టిక్కు వస్తోందంటే ప్రైమరీ దాకా పని జరుగుతోందని మాత్రమే అర్థం, కంచెలోకి వెళ్తోందని కాదు. మావయ్య మోసపోయింది ఇక్కడే, మొదట్లో నేనూ మోసపోయాను.

ఇంకొకటి, పెట్టెలో సాధారణంగా రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. బ్యాటరీ వైపున్న చిన్నది ఇన్వర్టర్‌ది, కంచె వైపున్న బరువైనది పల్స్ ట్రాన్స్‌ఫార్మర్. షాపులో ఊరికే "ట్రాన్స్‌ఫార్మర్ కావాలి" అంటే ఏదో ఒకటి చేతిలో పెడతారు. నేను ఈ రాతలో ట్రాన్స్‌ఫార్మర్ అన్న చోటల్లా ఆ పెద్దదే.

పెట్టె విప్పే ముందు

నా లెక్కలో "మిషన్ పోయింది" అని వచ్చేవాటిలో చాలా వాటికి మిషన్ బానే ఉంటుంది, పోయింది కంచో ఎర్తో. అందుకని ముందు మిషన్ ఆఫ్ చేసి కంచె తీగ విప్పండి, మళ్ళీ ఆన్ చేసి ఫెన్స్ టెస్టర్‌తో అవుట్‌పుట్ టెర్మినల్‌కీ ఎర్త్ టెర్మినల్‌కీ మధ్య కొలవండి. ఇక్కడ మల్టీమీటరు పెట్టకండి, అది 1000 వోల్టుల వరకే, పెట్టారంటే ఆ రోజుతో మీటరు సెలవు తీసుకుంటుంది. ఫెన్స్ టెస్టర్ లేకపోతే కొనండి, వరసగా బల్బులు వెలిగే చవక రకమైనా ఫరవాలేదు. తీగ విప్పాక 7, 8 కేవీ (వేల వోల్టులు) చూపించి, తీగ తగిలించగానే 1 కేవీకి పడిపోతే జబ్బు కంచెలో ఉంది.

కంచె జబ్బుల్లో మన దగ్గర మొదటిది గడ్డి. వానలు పడ్డ పది రోజులకే కింది తీగని తుంగ, పిచ్చి తీగలు అల్లేస్తాయి, ఒక్కో మొక్కా కొంచెం కొంచెం కరెంటు భూమిలోకి లాగేస్తుంది. రెండోది ఇన్సులేటర్లు. భీమిలి వైపు, సముద్రానికి దగ్గర తోటల్లో ఉప్పుగాలికి ఇన్సులేటర్ల మీద పొర కడుతుంది, పొడిగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు, తెల్లవారుజామున మంచుకి తడవగానే ప్రతి స్తంభం దగ్గరా చిటచిటమంటుంది. మంచినీళ్ళతో కడిగితే చాలు, కానీ ఎవరూ కడగరు.

ఎర్త్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. సబ్బవరం, పెందుర్తి, ఆనందపురం వైపు ఎర్రనేల వేసవిలో ఇటుకలా అయిపోతుంది. అలాంటి చోట ఒక్క ఇనపకడ్డీ పాతి వదిలేస్తే ఏప్రిల్ వచ్చేసరికి ఎర్త్ ఉన్నా లేనట్టే. జంతువు తీగని తాకినప్పుడు కరెంటు దాని కాళ్ళ గుండా భూమిలోకి దిగి, భూమి గుండా మిషన్ ఎర్త్‌కి తిరిగి రావాలి. ఆ తిరుగు దారి లేకపోతే 8 కేవీ మిషన్ పెట్టినా పందికి దురద కూడా పుట్టదు. కనీసం మూడు జింకు పూత కడ్డీలు, ఆరడుగులవి, పదేసి అడుగుల దూరంలో పాతి, అన్నింటినీ ఒకే తీగతో కలపండి. ఇంటి ఎర్త్‌కీ, బోరు మోటారు ఎర్త్‌కీ 10 మీటర్ల దూరం ఉండాలి, లేకపోతే ఇంట్లో కుళాయి పట్టుకున్నా చురుక్కుమంటుంది. ఎర్త్ సరిపోతోందో లేదో తేల్చే పద్ధతి ఇది: మిషన్ ఆఫ్ చేసి, దానికి ఓ వంద మీటర్ల అవతల నాలుగైదు గునపాలు నేలలో దిగ్గొట్టి కంచె తీగకి ఆనించండి, ఆన్ చేసి కంచె వోల్టేజి 2 కేవీ కిందకి పడిపోయిందని చూసుకోండి, అప్పుడు మిషన్ ఎర్త్ కడ్డీకీ, దానికి మీటరు దూరంలో మట్టిలో గుచ్చిన టెస్టర్ పుల్లకీ మధ్య కొలవండి. 300 వోల్టులు దాటిందంటే ఇంకో రెండు కడ్డీలు కావాలి.

బ్యాటరీ సంగతి చిన్నది. లోడు మీద 11.5 వోల్టుల కంటే కిందకి దిగితే చాలా మిషన్లు నీరసపడి నెమ్మదిగా కొడతాయి. సోలార్ పలక మీద దుమ్ము తుడిచి, టెర్మినళ్ళ మీద తెల్లబూజు గీకి చూడండి. మావయ్య కంచె దగ్గర ఇవన్నీ చూశాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తీగ విప్పినా టెస్టర్ 1 కేవీ దాటలేదు. పెట్టె విప్పక తప్పలేదు.

విప్పాక

బ్యాటరీ తీసేశాక కూడా కెపాసిటర్ నిండే ఉండొచ్చు. 20 మైక్రోఫారాడ్, 400 వోల్టులంటే 1.6 జూల్స్. చేతికి తగిలితే మీరు బల్ల మీదున్నవన్నీ తన్నేసి లేస్తారు, గుండె జబ్బున్నవాళ్ళకి అంతకంటే ఎక్కువే జరగొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి టప్‌మనిపించడం మన మెకానిక్కులకి సరదా, కానీ ఆ టప్పుకి కెపాసిటర్ లోపలి అతుకులు దెబ్బతింటాయి. పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బు హోల్డరుకి రెండు వైర్లు కట్టి కెపాసిటర్ కాళ్ళకి ఆనించండి, ఆ తర్వాత మీటరుతో సున్నా చూసుకోండి, అప్పుడు చెయ్యి పెట్టండి. లైను మీద నడిచే మిషనైతే సిరీస్ బల్బు (లైనుకి వరసలో కలిపే బల్బు) లేకుండా ఆన్ చెయ్యొద్దు, లోపలి సర్క్యూట్ మొత్తం లైవ్ అనే అనుకోండి. కొలిచేటప్పుడు ఒక చెయ్యి జేబులో ఉండాలి, పక్కన ఇంకో మనిషి ఉండాలి.

ముందు కళ్ళతో చూడండి. మన ఊరి గాలికి పీసీబీ (సర్క్యూట్ బోర్డు) మీద పచ్చటి తుప్పు, కనెక్టర్లలో నలుపు మామూలే. బల్లులు, చీమలు కూడా. ఒక మిషన్‌లో చీమలు కెపాసిటర్ కాళ్ళ మధ్య గూడు కట్టాయి, బ్రష్‌తో దులిపి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగితే మిషన్ లేచి కూర్చుంది. పిడుగు దెబ్బ తిన్న మిషనైతే చెప్పక్కర్లేదు, ఏప్రిల్, మే నెలల గాలివానల తర్వాత వచ్చేవాటిలో బోర్డు మీది రాగి ట్రాకులే ఎగిరిపోయి ఉంటాయి.

ఇక కెపాసిటర్ మీద వోల్టేజి కొలవండి. మిషన్ ఆన్‌లో ఉండగా అది మెల్లగా పైకెక్కి, టిక్కుతో ధడాల్న పడి, మళ్ళీ ఎక్కాలి. దీనికి పాత ముల్లు మీటరు ఉంటే డిజిటల్ కంటే బాగా కనబడుతుంది. అసలు ఎక్కకపోతే ఇన్వర్టర్ పోయింది, లేదా ఎస్‌సీఆర్ షార్టయింది. ఇన్వర్టర్ వైపు మామూలుగా పోయేది ఐఆర్ఎఫ్‌జెడ్44 లాంటి మాస్‌ఫెట్ (స్విచ్చిలా పనిచేసే ట్రాన్సిస్టర్), దాని వెనకున్న డయోడు. ఆ డయోడు వేగంగా పనిచేసే రకం, యూఎఫ్4007 లాంటిది. చాలామంది ఇంట్లో ఉంది కదా అని 1ఎన్4007 వేసేస్తారు, అంకె ఒకటే గనక. ఇన్వర్టర్ వేగానికి అది ఆగలేదు, వేడెక్కి పోతుంది, తర్వాత మాస్‌ఫెట్‌ని కూడా తీసుకుపోతుంది. వోల్టేజి పూర్తిగా ఎక్కి అక్కడే నిలబడిపోయి టిక్కు రాకపోతే ఎస్‌సీఆర్‌ని తెరిచే టైమర్ వైపు చూడాలి, 555 టైమర్ చిప్ గానీ చిన్న మైక్రోకంట్రోలర్ గానీ ఉంటుంది.

ఎస్‌సీఆర్‌ని బోర్డు నుంచి తీసి కొలవండి. ఆనోడ్, క్యాథోడ్ మధ్య ఎటు పెట్టినా దారి తెగి ఉన్నట్టే చూపించాలి, గేటుకీ క్యాథోడ్‌కీ మధ్య మాత్రం కొంత రెసిస్టెన్స్ కనిపించాలి. కెపాసిటర్ 400 వోల్టులదైతే టీవైఎన్612, బీటీ151 లాంటి 12 ఆంపియర్లవి సరిపోతాయి. 600 వోల్టుల మిషన్‌కి 1200 వోల్టుల ఎస్‌సీఆర్ కావాలి, 40టీపీఎస్12 లాంటిది.

ఒక గుర్తు చెప్తాను, ఇది నాకు రెండు ఎస్‌సీఆర్లు తగలబెట్టాక తెలిసింది. కొత్త ఎస్‌సీఆర్ వేశాక ఒకటి రెండు రోజుల్లో అదీ పోయిందంటే దోషం ఎస్‌సీఆర్‌ది కాదు. ట్రాన్స్‌ఫార్మర్ లోపల చుట్లు ఒకదానికొకటి అంటుకుని షార్టయితే ప్రైమరీ దాదాపు ఉత్త వైరు ముక్కలా మారుతుంది, కెపాసిటర్ మొత్తం అడ్డూ ఆపూ లేకుండా ఎస్‌సీఆర్ గుండా పోతుంది. మూడోది కొనే ముందు ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూడండి.

కెపాసిటర్ కూడా ముసలిదవుతుంది. 20 అని రాసి ఉన్నది 14 చూపిస్తే దాదాపు మూడో వంతు దెబ్బ అక్కడే పోయినట్టు. మార్చేటప్పుడు ఎలక్ట్రోలైటిక్ వెయ్యకండి, అది ఇలాంటి ఊపుల కోసం పుట్టింది కాదు. మోటారు రన్ కెపాసిటర్, 440 వోల్టుల ఏసీది, ఏ కరెంటు సామాన్ల షాపులోనైనా దొరుకుతుంది, పని జరుగుతుంది, కానీ సెకనుకో దెబ్బ చొప్పున రోజుకి 70, 80 వేల దెబ్బలు తింటుంటే దాని ఫిల్మ్ అంచుల అతుకులు అరిగి కొన్ని నెలల్లోనే విలువ పడిపోతుంది. తప్పదనుకుంటే ఒక్క 20 బదులు రెండు 10లు పక్కపక్కన కలపండి, దెబ్బ చెరి సగం పంచుకుంటాయి. పల్స్ పనికి తగ్గ పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్ దొరికితే మాత్రం బేరమాడకండి.

ట్రాన్స్‌ఫార్మరే పోయిందని ఎలా తేల్చాలి

ఉత్త ఓమ్స్ కొలిచి "కంటిన్యుటీ ఉంది, బానే ఉంది" అనడం సరిపోదు. ప్రైమరీ మామూలుగా 1 ఓమ్ లోపే, సెకండరీ పదుల నుంచి కొన్ని వందల ఓమ్‌లు ఉంటుంది. సెకండరీ తెగిపోతే మీటరే చెప్తుంది. వెయ్యి చుట్లలో నాలుగు చుట్లు అంటుకుపోతే మీటరుకి తెలియదు.

దానికి పాత చిట్కా ఒకటుంది. సెకండరీ రెండు కొసలకి నియాన్ బల్బు కట్టండి, లైను చూసే టెస్టర్‌లో ఉండేదే. 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌తో ప్రైమరీని ఒక్క క్షణం తాకించి తీసెయ్యండి, తీసిన క్షణంలో నియాన్ తళుక్కుమనాలి. వేళ్ళు సెకండరీ కొసల మీద ఉండకూడదు, ఆ తళుకు మీ వేళ్ళకి కూడా తెలుస్తుంది. చుట్లు షార్టయి ఉంటే నియాన్ వెలగదు, లేదా పోయే ప్రాణంలా మినుకుమంటుంది.

ఇందులో పాసైనంత మాత్రాన మంచిదనుకోవద్దు. కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లు సెల్ ముందు బుద్ధిమంతుల్లా ఉంటాయి, 8 వేల వోల్టులు పడగానే లోపల స్పార్కు కొడతాయి. అందుకని రాత్రి దీపాలు ఆర్పేసి, రెండు చేతుల దూరంలో నిలబడి, మూత తీసిన మిషన్ నడపండి. బాబిన్ (తీగ చుట్టిన చట్రం) అంచున నీలం గీత, టక్కుమనే రెండో చప్పుడు, వాన ముందు మెరుపు పడ్డప్పటి వాసన, ఈ మూడింట్లో ఏదున్నా దొరికినట్టే. మావయ్య మిషన్‌లో ఎపాక్సీకి జుట్టంత పగులు, అందులోంచి సెకండరీ కోరుకి (మధ్యలోని ఇనప రేకుల దిమ్మకి) స్పార్కు కొడుతోంది. టిక్కు మాత్రం యథావిధిగా వస్తోంది.

కొత్తది ఎక్కడ, ఎలా

మొదటి దారి, మిషన్ చేసిన కంపెనీకే మోడల్ నంబరు చెప్పి అడగడం. దొరికితే ఇంక ఆలోచించొద్దు, అదే వేసెయ్యండి. నా సంగతిలో ఆ మోడల్ ఆపేశామన్నారు, కొత్త మిషన్ కొనమన్నారు.

తర్వాత డాబాగార్డెన్స్, జగదాంబ చుట్టూ ఉన్న ఎలక్ట్రానిక్స్ షాపులు. ఎస్‌సీఆర్లు, డయోడ్లు, 555లు అక్కడ దొరుకుతాయి, పల్స్ ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం నాకు దొరకలేదు. ఒకాయన బైకు ఇగ్నిషన్ కాయిల్ చేతిలో పెట్టి "ఇదీ అదే సార్, 15 వేల వోల్టులు" అన్నాడు. వేశాను కూడా, సిగ్గుపడకుండా చెప్తున్నా. ఉత్త టెర్మినల్ దగ్గర టెస్టర్ నిండా బల్బులు వెలిగాయి, కిలోమీటరు కంచె తగిలించగానే చప్పబడిపోయింది. కారణం ఏంటంటే ఇగ్నిషన్ కాయిల్ సెకండరీకి వేల ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉంటుంది, నిప్పురవ్వకి కావలసినంత శక్తే అది ఇవ్వగలదు. పాతకాలం ఫెన్స్ మిషన్లన్నీ ఇదే జబ్బుతో గడ్డి తగిలితే పడిపోయేవట, 1960ల్లో న్యూజీలాండ్‌లో రుఆకురా పరిశోధన కేంద్రంలో డగ్ ఫిలిప్స్ కెపాసిటర్ పద్ధతితో తక్కువ ఇంపిడెన్స్ (కరెంటుకి లోపలి అడ్డు తక్కువున్న) మిషన్ చేశాకే ఆ బాధ తీరింది. 60 ఏళ్ళ కిందటి తప్పు నేను సబ్బవరంలో మళ్ళీ చేశానన్నమాట. పాత టీవీ ఎల్ఓటీ (పిక్చర్ ట్యూబుకి హై వోల్టేజి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) కూడా ఈ కోవలోదే. మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ ఊసెత్తినవాడి షాపు మెట్లు దిగిపోండి, అది మనిషిని అక్కడికక్కడే చంపుతుంది.

కాబట్టి అవుట్‌పుట్ కేవీ చూసి ట్రాన్స్‌ఫార్మర్ కొనకూడదు. దానికి మీ కెపాసిటర్‌తో పొత్తు కుదరాలి. షాపుకి వెళ్ళేటప్పుడు మూడు సంగతులు కాగితం మీద రాసుకెళ్ళండి: కెపాసిటర్ విలువ, దాని మీద కొలిచిన వోల్టేజి, పాత ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తి. నిష్పత్తి తెలుసుకోవడం కష్టం కాదు. చిన్న 12 వోల్టుల ఏసీ అడాప్టర్ తీసుకుని సెకండరీకి ఇవ్వండి, ప్రైమరీ దగ్గర ఎంత వస్తుందో మీటరుతో ఏసీలో కొలవండి. 0.6 వోల్టులు వస్తే 20కి 1. ఇది తిరగేసి చెయ్యకండి, 12 వోల్టులు ప్రైమరీకి ఇస్తే అడాప్టర్ కాలుతుంది, అవతల కొసల్లో వందల వోల్టులు ఉంటాయి. చుట్లు షార్టయిన ట్రాన్స్‌ఫార్మర్‌లో ఈ అంకె తప్పు వస్తుంది, అప్పుడు అదే మోడల్ బాగున్నది ఎవరి దగ్గరైనా అడిగి కొలవాలి. నాది కోరుకి కొట్టిన కేసు గనక అంకె సరిగ్గానే వచ్చింది.

ఆన్‌లైన్‌లో, హైదరాబాద్ కోఠీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్పీ రోడ్డులో వెతికితే జట్కా మిషన్ ట్రాన్స్‌ఫార్మర్ అని రెడీమేడ్‌వి కనబడతాయి. ఫోన్ చేసి నాలుగు ప్రశ్నలు అడగండి. 500 ఓమ్ లోడు మీద ఎంత వోల్టేజి వస్తుంది? చెప్పిన జూల్స్ కెపాసిటర్‌లో నిల్వ ఉండేవా, కంచెలోకి వెళ్ళేవా? సెకండరీ గదులున్న బాబిన్ మీద చుట్టారా? పోతే ఎన్నాళ్ళలోపు మారుస్తారు? మొదటి ప్రశ్నకే "12 కేవీ గ్యారంటీ సార్" అని జవాబొస్తే, లోడు మీద కొలిచిన అలవాటు ఆయనకి లేదని అర్థం. పది కొనక్కర్లేదు, ఒకటి తెప్పించి నెల నడిపి, బాగుంటే రెండోది కొని పక్కన పెట్టుకోండి.

చివరి దారి వైండింగ్ చేయించుకోవడం, నేను చివరికి చేసింది అదే. కంచరపాలెం ఇండస్ట్రియల్ ఎస్టేట్ వైపు, గాజువాక ఆటోనగర్‌లో మోటార్లు, స్టెబిలైజర్లు చుట్టేవాళ్ళు ఉన్నారు. చెయ్యి మంచిది, కానీ వాళ్ళ చెయ్యి 230 వోల్టులకి అలవాటు పడింది. మొదటిసారి నేను పాతది ఇచ్చి "ఇలాగే చుట్టండి" అని వచ్చేశాను. ఆయన చక్కగా స్టెబిలైజర్ కాయిల్ చుట్టినట్టు ఈ కొస నుంచి ఆ కొసకి, ఆ కొస నుంచి ఈ కొసకి చుట్టేశాడు, కొద్ది రోజులకే లోపల కాలింది. ఆయన తప్పు కాదు, నేను చెప్పలేదు.

ఎందుకు కాలిందో లెక్క చూడండి. ప్రైమరీ 60 చుట్లు, 400 వోల్టులు, అంటే చుట్టుకి దాదాపు 6.7 వోల్టులు. సెకండరీ 1200 చుట్లు, పొరకి 100 చొప్పున చుడితే పక్కపక్క పొరల కొసల మధ్య 1300 వోల్టులకి పైగా పడుతుంది. తీగ మీది ఎనామెల్ పూతలో ఎక్కడో కంటికి కనపడని సూదిబెజ్జం ఉంటే అక్కడ కొడుతుంది. అదే బాబిన్‌ని అడ్డగోడలతో నాలుగు గదులు చేసి గదికి 300 చుట్లు వేస్తే, ఒక్కో పొరలో 25 చుట్లే పడతాయి, పొరల మధ్య 350 వోల్టులు కూడా దాటదు. అదే రాగి, అదే కోరు, అన్నే చుట్లు. రెండోసారి ఆయనకి కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాను, ఆయన ఫైబర్ షీటు కోసి గోడలు తానే చేశాడు, ప్రైమరీకీ సెకండరీకీ మధ్య మైలార్ ప్లాస్టిక్ పొర నాలుగు చుట్లు వేశాడు. పాత కోరు తుప్పు పట్టకపోతే అదే వాడుకోండి, స్టాంపింగులు (కోరు రేకులు) ఎంత పల్చగా ఉంటే అంత మంచిది. ప్రైమరీకి పాత గేజు కంటే సన్నం తీగ ఒప్పుకోవద్దు.

చుట్టాక ఆరబెట్టడం మన ఊళ్ళో చాలా ముఖ్యం. వానాకాలం వైజాగ్ గాలిలో కాగితం కూడా మెత్తబడుతుంది, ఆ తేమని లోపల పెట్టి ఎపాక్సీ పోస్తే మనమే చేతులారా సమాధి కట్టినట్టు. వైండింగ్ షాపులో ఓవెన్ ఉంటే కొన్ని గంటలు 100 డిగ్రీల దగ్గర పెట్టించండి. లేకపోతే రేకు డబ్బాలో 100 వాట్ల బల్బు కింద ఒక రాత్రంతా ఉంచండి. ఎపాక్సీ నెమ్మదిగా గట్టిపడే రకం తీసుకోండి, అయిదు నిమిషాల్లో బిగిసేది వద్దు, దాని బుడగలు బయటికి రావడానికి టైం ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్ గోరువెచ్చగా ఉండగానే ఒక మూల నుంచి సన్నటి ధారగా పోయండి. బుడగ మిగిలిందంటే కొన్నాళ్ళకి స్పార్కు మొదలయ్యేది అక్కడే.

బిగించాక

వెంటనే కంచెకి తగిలించొద్దు. 47 ఓమ్, 10 వాట్ల సిమెంటు రెసిస్టర్లు పది కొని, పొడి చెక్క మీద ఒకదానికొకటి దూరంగా ఉండేలా వరసగా టంకం పెట్టండి. మొత్తం 470 ఓమ్, 500కి దగ్గరే. దీన్ని అవుట్‌పుట్‌కీ ఎర్త్‌కీ మధ్య కట్టి టెస్టర్‌తో కొలవండి. 1.6 జూల్స్ నిల్వ ఉండే మిషన్ ఈ లోడు మీద 3 కేవీ చుట్టుపక్కల నిలబడితే పాసైనట్టు. 1 కేవీ దగ్గర కూలబడితే లోడు లేకుండా 10 చూపించినా ఆ ట్రాన్స్‌ఫార్మర్ తిప్పి పంపెయ్యండి. ఒక రోజంతా ఈ లోడు మీద, ఆ రాత్రి లోడు లేకుండా నడపండి. లోడు లేనప్పుడే వోల్టేజి అందరికంటే ఎత్తుకి వెళ్తుంది, ఇన్సులేషన్‌కి అసలు పరీక్ష అదే. మధ్యమధ్యలో ఎస్‌సీఆర్ వేడి చూడాలంటే మిషన్ ఆపి, బల్బుతో కెపాసిటర్ ఖాళీ చేసి, అప్పుడు ముట్టుకోండి.

మిషన్ నుంచి కంచె దాకా ఇంట్లో వాడే మామూలు వైరు వాడకండి, అది 1100 వోల్టుల గ్రేడు, గోడ పక్కనుంచి వెళ్ళే చోట తడికి కొడుతుంది. ఫెన్సింగ్ సామాన్ల షాపుల్లో రెండు పొరల ఇన్సులేషన్ కేబుల్ అమ్ముతారు, గేటు కింద నుంచి తీసుకెళ్ళేది, అదే తీసుకోండి. కంచెకి వెళ్ళే తీగని మిషన్ దగ్గర జానెడు వెడల్పున పది చుట్లు చుట్టి, దాని కంచె వైపు పిడుగు అరెస్టర్ (పిడుగు కరెంటుని భూమిలోకి మళ్ళించేది) పెట్టి, దానికి వేరే ఎర్త్ వెయ్యండి. ఇంత చేసినా పిడుగు నెత్తిన పడితే ఏదీ ఆపదు, అందుకని మబ్బు కమ్మితే రెండు వైర్లూ విప్పెయ్యమని మావయ్యకి చెప్పాను. విప్పుతాడో లేదో నాకు అనుమానమే.

షెడ్డు గోడ మీద బొగ్గుతో తేదీ, మిషన్ దగ్గర కేవీ, చిట్టచివరి స్తంభం దగ్గర కేవీ రాస్తూ ఉండమన్నాను, ఇది మాత్రం ఠంచనుగా రాస్తున్నాడు. పోయిన ఆదివారం వెళ్తే ఆఖరి వరసలో 6.8, 5.1 అని ఉంది, దాని కింద ఆయన సొంత కవిత్వం, "పంది వచ్చింది, అరిచింది, పోయింది" అని.